రోజూ మాత్రా, నెలకో సూదా: సీమ ఇళ్లకు సరిపడే మనోవైద్య చికిత్సను ఎంచుకోవడంలో నర్సు చూడవలసినవి

మనోవైద్య విభాగంలో మందు పేరు చీటీ మీద రాసేది డాక్టరే అయినా, ఆ మందు ఆ ఇంట్లో నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు నర్సు కుటుంబంతో కూర్చుని మాట్లాడే పావుగంటలోనే తేలిపోతుంది. అమెరికా వంటి దేశాల్లో సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్లు జబ్బును నిర్ధారించి మందులు కూడా రాస్తారు. మన దేశంలో ఎం.ఎస్సీ.లో సైకియాట్రిక్ నర్సింగ్ చదివినా, ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా చేసినా ఆ అధికారం రాదు. అధికారం లేదు కాబట్టి ఆ జ్ఞానం కూడా అక్కర్లేదనుకుంటే మాత్రం రోగికి అన్యాయం చేసినట్లే. ఒకే జబ్బుకు ఇంచుమించు సమానంగా పనిచేసే రెండు మూడు మందులు ఉన్నప్పుడు, ఏది రాయాలో తేల్చేవి ఇంటి సంగతులు: మాత్ర చేతికిచ్చేది ఎవరు, మనిషి ఎండలో పనిచేస్తాడా, ఏడాదిలో ఎన్ని నెలలు వలస పోతారు, పెళ్లి మాటలు నడుస్తున్నాయా, రక్తపరీక్షకు ఎంత దూరం రావాలి. కిక్కిరిసిన ఓపీలో ఇవన్నీ అడిగే వ్యవధి డాక్టరుకు ఉండదు. వాటిని అడిగి తెలుసుకుని, చీటీ రాయకముందే డాక్టరు ముందు పెట్టవలసింది మనమే.

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులను, ముఖ్యంగా ఈ విభాగంలోకి కొత్తగా వచ్చినవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇందులోని మోతాదులు, పరిమితులు డాక్టరుతోనూ, కుటుంబంతోనూ మాట్లాడడానికి పనికొచ్చే ఆధారాలు మాత్రమే. వీటిని చూసి ఎవరూ సొంతంగా మందు మొదలుపెట్టకూడదు, ఆపకూడదు.

స్కిజోఫ్రీనియా: మాత్రలు, డిపో సూదిమందు

స్కిజోఫ్రీనియా అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి లక్షణాలున్న మానసిక జబ్బు. అది తొలిసారి వచ్చి తగ్గినా కనీసం ఏడాది నుంచి రెండేళ్లు, పదేపదే తిరగబెట్టినవారికి అయిదేళ్లు లేదా అంతకు మించి మందు కొనసాగించాలన్నది మనోవైద్యంలో సాధారణంగా పాటించే పద్ధతి. అంత కాలం మందును ఏ రూపంలో ఇవ్వాలన్నదే ఇక్కడి అసలు ప్రశ్న. రిస్పెరిడోన్, ఓలాంజపిన్, హాలోపెరిడాల్ వంటి మాత్రలను రోజూ వేసుకోవడం ఒక దారి. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్, హాలోపెరిడాల్ డెకనోయేట్ వంటి డిపో సూదిమందును, అంటే కండరంలో నిలిచి వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగే మందును, రెండు నుంచి నాలుగు వారాలకోసారి కండరంలోకి ఇవ్వడం రెండో దారి.

మాత్రకున్న పెద్ద సౌకర్యం మోతాదును సులువుగా మార్చుకోగలగడం. ఒంటికి పడకపోతే డాక్టరు ఆపించిన కొద్ది రోజుల్లోనే దాని ప్రభావం తగ్గిపోతుంది. జబ్బు కొత్తగా వచ్చినప్పుడు, ఏ మందు సరిపడుతుందో ఇంకా తెలియనప్పుడు మాత్రతోనే మొదలుపెట్టాలి. దాని బలహీనత కూడా అందరికీ తెలిసిందే: రోజూ వేసుకోవాలి. తనకు జబ్బే లేదనిపించడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి కాబట్టి, మాత్ర నాలుక కింద దాచి బయట ఉమ్మేసే మనిషిని మొండివాడని తప్పుపట్టడం సరికాదు. నాలుగు రోజులు నిద్ర సరిగా పట్టగానే ‘బాగైపోయింది కదా, ఇంకా పిచ్చి మాత్రలెందుకు’ అని ఇంట్లో పెద్దవాళ్లే ఆపించే సందర్భాలు అంతకంటే ఎక్కువ.

సూదిమందు బలం ‘మర్చిపోరు’ అన్న ఒక్క మాటతో తీరిపోదు. గడువు తేదీ దాటిన మర్నాడే మనకు తెలిసిపోతుంది అన్నదే దాని అసలు బలం. మాత్ర ఎప్పుడు ఆగిందో, జబ్బు తిరగబెట్టి మనిషిని పట్టుకొచ్చినప్పుడు గానీ బయటపడదు. సూదికి రావలసినవారు గడువు రోజున రాకపోతే రిజిస్టరు చూసి ఆ సాయంత్రమే ఫోన్ చేయవచ్చు, ఆ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పి పంపవచ్చు. డిపో మందు నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి, ఆ కొద్ది రోజుల వ్యవధి మనిషిని వెనక్కి తెచ్చుకోవడానికి సరిపోతుంది.

వలస కుటుంబాల విషయంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు దిక్కుకు నెలల తరబడి పోయేవాళ్లు ఒకే పట్ట కింద పది మంది కలిసి ఉంటారు. అక్కడ రోజూ మాత్ర మింగుతుంటే ‘ఏం మందులివి’ అని అడగనివారుండరు. ఆ సిగ్గుకే చాలామంది డబ్బాను మూటలోంచి బయటికి తీయరు. అలాంటి మనిషికి బయలుదేరే ముందు ఒక డోసు ఇచ్చి, తర్వాతి తేదీ, మందు పేరు, మోతాదు, ఏ వైపు ఇచ్చామో రాసిన కార్డు చేతికిస్తే, అక్కడి ప్రభుత్వాసుపత్రిలో మిగతా డోసులు తీసుకోగలుగుతాడు. మాత్రల విషయంలో ఎంత చెప్పినా నిలబడని కుటుంబాలు కూడా నెలకోసారి వచ్చే సూదిని చక్కగా నిలబెట్టుకోవడం నేను చూశాను.

అయితే సూదిమందులో తిరిగిరాని ఒక చిక్కు ఉంది. ఒకసారి ఇచ్చాక దాన్ని వెనక్కి తీయలేము. అందుకే అదే మందును మాత్రగా ముందు ఇచ్చి, పడుతుందని తెలుసుకున్నాకే డిపోకు వెళ్లాలి. ఫ్లూఫెనజిన్‌కు మొదట 12.5 మి.గ్రా. పరీక్ష మోతాదు ఇచ్చే పద్ధతి ఉన్నదీ అందుకే. మందు రక్తంలో స్థిరపడడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి మొదట్లో మాత్ర కూడా కొనసాగాలి. ఈ సంగతి చెప్పకపోతే ‘సూది వేయించాం కదా’ అని ఆ రోజే మాత్రలు ఆపేసి, మూడో వారానికల్లా ‘సూది పనిచేయలేదు’ అన్న నిర్ణయానికి వస్తారు. గతంలో తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, స్పృహ తప్పడం కలిసి వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ వచ్చినవారిలోనూ, పార్కిన్సన్ జబ్బు ఉన్నవారిలోనూ ఈ పాత డిపోల జోలికి పోకూడదు.

ఇచ్చే విధానంలో జాగ్రత్త కూడా ఎంపికలో భాగమే, ఎందుకంటే మొదటి సూది నొప్పిగా, గడ్డకట్టేలా పడితే రెండో సూదికి మనిషి రాడు. ఫ్లూఫెనజిన్, హాలోపెరిడాల్ డెకనోయేట్‌లు నువ్వుల నూనెలో కలిపి ఉంటాయి. కాబట్టి ‘నువ్వుల ఉండలు తింటే ఒళ్లు దద్దుర్లు వస్తాయా’ అని ముందే అడగాలి. నూనె చిక్కగా ఉంటుంది, సన్నసూదిలో దిగదు. 21 గేజ్ సూది, తడిలేని సిరంజీ తీసుకోవాలి. చర్మాన్ని ఒక పక్కకు లాగి పట్టుకుని, పిరుదు కండరంలోకి లోతుగా, మెల్లగా ఎక్కించి, పది సెకన్లు ఆగి సూది తీసి, ఆ తర్వాతే చర్మాన్ని వదలాలి. అప్పుడు మందు సూది దారిలో వెనక్కి కారదు. రుద్దకూడదు. తోడు వచ్చిన అమ్మ అలవాటుగా రుద్దబోతుంది, ఆమెకు కూడా చెప్పాలి. ఈసారి కుడివైపైతే మరుసటిసారి ఎడమవైపు.

సూది వేసి పంపేటప్పుడు తప్పకుండా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. ముఖ్యంగా యువకుల్లో, మొదటి కొద్ది గంటల నుంచి కొద్ది రోజుల లోపు మెడ ఒక పక్కకు గుంజుకుపోయి, కళ్లు పైకి నిలిచిపోయి, నాలుక మందమై మాట రాకుండా పోవచ్చు. దీన్ని డిస్టోనియా అంటారు. చూసినవాళ్లకు దెయ్యం పట్టినట్లే ఉంటుంది. ముందే చెప్పకపోతే ఆ మనిషిని ఆసుపత్రికి కాకుండా మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతారు, ఆ ఇంట్లో ఇక సూదిమందుకు చోటుండదు. ఆసుపత్రికి తెస్తే ప్రొమెథజిన్ ఇంజెక్షన్‌తో సాధారణంగా అరగంట లోపే మెడ వదులవుతుంది. తర్వాతి వారాల్లో వచ్చేవి వేరు: ఒక చోట కూర్చోలేక అటూ ఇటూ తిరగడం, చేతులు ఊపకుండా బిగుసుకుని నడవడం. వీటి కోసం ప్రత్యేకంగా పరీక్ష అక్కర్లేదు. రోగి గుమ్మం నుంచి కుర్చీ దాకా నడిచి వచ్చేటప్పుడు చేతులు ఊగుతున్నాయా, కూర్చున్నాక కాళ్లు కుదురుగా ఉన్నాయా అని చూస్తే చాలు. కుదురులేని కాళ్లను చూసి జబ్బు పెరిగిందనుకుని మోతాదు పెంచితే ఆ బాధ ఇంకా ఎక్కువవుతుంది. నర్సు గమనించి చెబితే తప్పిపోయే పొరపాటు ఇది.

కొత్త డిపోల్లో పాలిపెరిడోన్ పామిటేట్ బాగా వాడుకలోకి వచ్చింది. మొదటి రోజు 150 మి.గ్రా., ఎనిమిదో రోజు 100 మి.గ్రా. భుజం కండరంలోకి ఇచ్చి, ఆ తర్వాత నెలకోసారి ఇస్తారు. అది కనీసం నాలుగు నెలలు కుదిరాక మూడు నెలలకోసారి ఇచ్చే రూపానికి మారవచ్చు. పాతవాటి కంటే బిగుసుకుపోవడం తక్కువ, మొదట్లో మాత్రలు కలపాల్సిన పని లేదు. ఖర్చు మాత్రం వేలల్లో ఉంటుంది. కూలి డబ్బులతో నడిచే ఇంట్లో దీన్ని మొదలుపెట్టి మూడో నెలకు ఆపేయడం కంటే, ప్రభుత్వాసుపత్రిలో దొరికే పాత డిపోను తక్కువ మోతాదులో, వణుకుకూ బిగుతుకూ ట్రైహెక్సిఫెనిడిల్‌ను అవసరమైనంత మేరకే జోడించి, ఏళ్ల తరబడి నడిపించడం మేలని నా అభిప్రాయం. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, హాలోపెరిడాల్ మూడూ ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచి నెలసరి ఆపగలవు. పెళ్లికాని ఆడపిల్లకు నెలసరి ఆగితే ఇంట్లో ఎంత గొడవ జరుగుతుందో తెలిసినవాళ్లం కాబట్టి, ఈ సంగతి తల్లికి ముందే చెప్పి ఉంచాలి.

ఈ రెండు దారులూ కాక ప్రతి వారం ఎవరో ఒకరు అడిగే మూడో దారి ఉంది: ‘మజ్జిగలోనో, సంగట్లోనో కలిపి పెట్టేదా, సిస్టర్?’ ఆ తల్లి నిస్సహాయత నిజమైనదే, ఆమెను కసరకూడదు. కానీ దాన్ని సమర్థించలేము. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న రోగికి తన చికిత్స గురించి తెలుసుకుని ఒప్పుకునే హక్కు ఇచ్చింది. ఆ స్థితిలో లేనప్పుడు నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిర్ణయాల్లో తోడుండే వ్యక్తి) తోడ్పాటుతో చికిత్స సాగించే మార్గమూ చూపింది. పైగా దాచి పెట్టిన మందు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. తన తిండిలో ఏదో కలుపుతున్నారన్న అనుమానమే జబ్బుగా ఉన్న మనిషికి అది నిజమని రుజువైపోతుంది, తర్వాత ఆ ఇంట్లో అన్నం కూడా ముట్టడు. అలాంటి ఇంటి నుంచి ఈ ప్రశ్న వచ్చిందంటే రోజువారీ మాత్ర అక్కడ నిలబడదని అర్థం చేసుకుని, రోగితోనే కూర్చుని సూదిమందు గురించి మాట్లాడాలి. ‘మాట వినకపోతే సూది వేయిస్తా’ అని ఇంట్లో బెదిరించనివ్వకూడదు. శిక్షగా మొదలైన సూది ఎక్కువ కాలం సాగదు.

బైపోలార్: లిథియం, వాల్‌ప్రోయేట్

బైపోలార్ అంటే కొన్నాళ్లు అతి ఉత్సాహం (మేనియా), కొన్నాళ్లు తీవ్రమైన దిగులు (డిప్రెషన్) వచ్చిపోయే జబ్బు. ఇక్కడ మన ఎండలే ఎంపికను చాలావరకు నిర్ణయిస్తాయి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ మేనియాకు లిథియం పనిచేస్తుందని చూపిన నాటి నుంచి నేటి దాకా, బైపోలార్ జబ్బు తిరగబెట్టకుండా కాపాడడంలోనూ, ముఖ్యంగా ఆత్మహత్యలను తగ్గించడంలోనూ దానికి సాటి రాగల మందు దొరకలేదు. అయితే మేలు చేసే స్థాయికీ కీడు చేసే స్థాయికీ మధ్య ఎడం చాలా తక్కువ. జబ్బు నిలకడగా ఉన్నప్పుడు రక్తంలో లీటరుకు 0.6 నుంచి 0.8, మేనియా ఉన్నప్పుడు 1.0 వరకు మిల్లీమోల్స్ ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషమే.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో బేతంచెర్ల నాపరాయి గనుల్లోనో, ఇటుక బట్టీల్లోనో పనిచేసే మనిషి ఒంట్లోంచి చెమటతో ఉప్పు, నీరు పోతాయి. ఉప్పు తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పుతోపాటు లిథియాన్నీ వెనక్కి లాక్కుంటాయి కాబట్టి, మాత్ర ఒక్కటి కూడా పెంచకుండానే రక్తంలో స్థాయి పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అదే జరుగుతుంది. సాయంత్రం ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ తప్ప వేరేది వద్దని కార్డు మీదే రాసిపెట్టాలి. బీపీకి రాసే థయాజైడ్ నీటి మాత్రలు, ఎనలాప్రిల్, లోసార్టన్ కూడా ఈ జాబితాలోవే. బీపీ ఉందని ఎవరో చెప్పగానే ఉప్పు ఒక్కసారిగా మానేసే అలవాటు మన దగ్గర ఉంది. లిథియం మీద ఉన్నవారు అలా హఠాత్తుగా మానకూడదు.

సన్నని చేతివణుకు, కొంచెం ఎక్కువ దాహం మామూలే. వణుకు పెద్దదై గ్లాసు పట్టుకోలేకపోవడం, వాంతులు, నడకలో తూలు, ముద్దముద్దగా మాట్లాడడం కనిపిస్తే మందు ఆపి అదే పూట ఆసుపత్రికి రావాలి. తూలుతూ మాట తడబడే మనిషిని చూసి తాగొచ్చాడనుకుని ఇంట్లో పడుకోబెట్టేస్తారు. ఆ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

రక్తపరీక్షలోనూ మెలకువలున్నాయి. చివరి మాత్ర వేసుకున్న 12 గంటల తర్వాత నమూనా తీయాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికన్నమాట. మడకశిర నుంచో రాయదుర్గం నుంచో తొలి బస్సుకు బయలుదేరే మనిషి పొద్దుటి మాత్ర వేసుకుని వస్తే ఆ రిపోర్టు దేనికీ పనికిరాదు. ‘మాత్ర జేబులో పెట్టుకుని రా, రక్తం ఇచ్చాక వేసుకో’ అని చెబితే సరిపోతుంది. ఇంకో జాగ్రత్త మన చేతిలోనే ఉంది: రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ పూసిన గొట్టంలో నమూనా తీస్తే ఫలితం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, మామూలు సీరం గొట్టంలోనే తీయాలి. థైరాయిడ్, క్రియాటినిన్ పరీక్షలు ఆరు నెలలకోసారి చేయించాలి. దగ్గర్లో లిథియం స్థాయి చూసే ల్యాబ్ లేని కుటుంబానికి ఈ మందు ఇవ్వాలా అన్నది డాక్టరుతో తప్పక చర్చించవలసిన విషయం.

కర్నూలు, కడపల్లో రంజాన్ ఉపవాసాలు ఉండే కుటుంబాలు ఎక్కువ. పగలంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా లిథియం వేసుకోవడం ఎండాకాలంలో ప్రమాదకరం. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందన్న సంగతిని కుటుంబం తమ మతపెద్దలతో మాట్లాడి తేల్చుకునేలా, నెల ముందే ప్రస్తావించాలి. ఉపవాసాలు మొదలయ్యాక చెబితే ఆ మాట చెవికెక్కదు, మందు మాత్రం ఆగిపోతుంది.

వాల్‌ప్రోయేట్‌కు ఎండ బెడద లేదు. మేనియాను త్వరగా అదుపులోకి తెస్తుంది, రక్తంలో స్థాయిని తరచూ చూడవలసిన పని ఉండదు. కాలేయం పరీక్షలు, ప్లేట్‌లెట్లు, బరువు చూసుకుంటే సరిపోతుంది. ఎండలో పనిచేసే, ల్యాబ్‌కు దూరంగా ఉండే మగవాళ్లకు లిథియం కంటే ఇదే నిలుస్తుంది. బిడ్డలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లకు మాత్రం దీన్ని వాడకుండా ఉండడమే మంచిది. గర్భంలో వాల్‌ప్రోయేట్ తగిలిన బిడ్డల్లో 100కు సుమారు 10 మందికి పెద్ద అవకరాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో లోపాలు వస్తాయి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తున్నాం కదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్లకు మేనియా తగ్గగానే ‘పెళ్లి చేస్తే కుదురుకుంటుంది’ అని మూడు నెలల్లో ముహూర్తం పెట్టే ఇళ్లు మన జిల్లాల్లో చాలానే ఉన్నాయి. ఆ పిల్ల అత్తవారింట్లో మందు దాచుకునో, మానేసో, గర్భం వచ్చాక మూడో నెలలో మన దగ్గరికి వస్తుంది. అప్పటికి బిడ్డ వెన్నుపూస ఏర్పడే దశ దాటిపోయి ఉంటుంది. అందుకే ఆడపిల్లకు మందు రాయించేటప్పుడే పెళ్లి ప్రస్తావన మనమే తేవాలి, అడగడానికి మొహమాటపడకూడదు. ఆ వయసులో క్వెటియాపిన్ లేదా ఓలాంజపిన్, స్థాయిలు చూసుకోగల ఇల్లయితే లిథియం, ఇవి ముందు ఆలోచించవలసినవి. లిథియం వల్ల బిడ్డ గుండెకు లోపం వచ్చే అవకాశం కొంత ఉన్నా అది ఒకప్పుడు భయపడినంత పెద్దది కాదని తేలింది, స్కానింగ్‌తో గమనించుకునే వీలూ ఉంది. కార్బమజెపిన్ కూడా గర్భంలో మంచిది కాదు, పైగా గర్భనిరోధక మాత్రల పనిని చెడగొడుతుంది.

ఇంతకుముందు ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి విషయంలో, నీళ్లు, ఉప్పు, రక్తపరీక్షల బాధ్యత తీసుకునే ఒక్కరైనా ఇంట్లో ఉంటే, నేను లిథియం వైపే మాట్లాడతాను. మందు డబ్బా మాత్రం రోగి చేతిలో కాక ఆ ఒక్కరి దగ్గరే తాళం కింద ఉండాలి, ఒకేసారి నెలకు సరిపడా ఇవ్వకుండా వారానికోసారి ఇచ్చేలా చూడాలి. పొలం మందులు ఇంట్లో ఉంచే కుటుంబమైతే వాటిని కూడా ఇంటి నుంచి తీసేయమని చెప్పడం మన పనే.

క్లోజపిన్ దాకా వెళ్లాలా

రెండు వేర్వేరు మందులను సరైన మోతాదులో, ఒక్కోటి కనీసం ఆరు వారాలు వాడినా స్కిజోఫ్రీనియా లొంగకపోతే క్లోజపిన్ మాట రావాలి. నిజంగా వాడారా అన్నదే ఇక్కడ తిరకాసు. అందుకే ఆ రెండింటిలో ఒకటి డిపోగా ఇచ్చి ఉంటే, మందు పనిచేయలేదా, లోపలికి వెళ్లలేదా అన్న సందేహం మిగలదు. క్లోజపిన్ తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు కాబట్టి మొదటి 18 వారాలు వారానికోసారి, ఏడాది నిండేదాకా రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి రక్తపరీక్ష చేయించడం చాలా చోట్ల పాటించే పద్ధతి. వారం వారం బస్సెక్కలేని ఇంటికి, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో రక్తం తీసి ఫలితం ఫోన్‌లో పంపే ఏర్పాటు కుదిర్చాకే దీన్ని మొదలుపెట్టడం మంచిది. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆగకుండా రావాలి.

అందరూ భయపడేది రక్తం గురించే గానీ, మలబద్ధకం కూడా అంతే ప్రమాదం. పేగు కదలిక ఆగిపోయి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. ‘మోషన్ ఎప్పుడు అయింది’ అని ప్రతిసారీ అడగాలి. బీడీల సంగతి కూడా అడగాలి. బీడీ పొగ క్లోజపిన్‌ను త్వరగా కరిగించేస్తుంది; రోజుకో కట్ట కాల్చే మనిషి వార్డులో చేరి మానేస్తే అదే మోతాదు రెట్టింపైనట్లు పనిచేసి మత్తు, ఫిట్స్ రావచ్చు. రెండు రోజులకు మించి మాత్ర ఆగితే పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకూడదు. 12.5 మి.గ్రా. నుంచి తిరిగి పెంచుకుంటూ రావాలి. పండుగకు ఊరెళ్లి డబ్బా మర్చిపోయినవారికి ఇది చెప్పకపోతే, ఇంటికి రాగానే పూర్తి మాత్ర వేసుకుని కుప్పకూలతారు.

డిప్రెషన్: మాట, మందు, కరెంటు చికిత్స

తేలికపాటి డిప్రెషన్‌కు మాటల చికిత్సతో, రోజులో చేసే పనులను మళ్లీ ఒక క్రమంలో పెట్టడంతో మొదలుపెట్టవచ్చు. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్‌కు మందు, మాట రెండూ కలిపి ఇవ్వడం మేలు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడతాయని, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగాలని మొదటిరోజే చెప్పాలి. భర్త కువైట్‌లో, ఇద్దరు పిల్లలతో అత్తవారింట్లో ఉండే రాయచోటి వైపు ఆడవాళ్లకు వారం వారం కౌన్సెలింగ్‌కు రావడం కుదరదు. వారికి మందుతో మొదలుపెట్టి, 14416కు చేసే టెలిమానస్ ఫోన్ సేవను తోడు చేసుకోవడం ఆచరణలో నిలిచే దారి. 2022 అక్టోబరులో మొదలైన ఆ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు.

అన్నం, నీళ్లు మానేసిన డిప్రెషన్‌కు, కదలక మాట్లాడక బిగుసుకుపోయే కాటటోనియాకు, ఆత్మహత్య ఆలోచన వదలనివారికి, కాన్పు తర్వాత వచ్చే తీవ్రమైన మతిభ్రమణకు ఈసీటీని (మెదడుకు కొద్ది క్షణాలు కరెంటు ఇచ్చే చికిత్సను) చివరి గతిగా చూడకూడదు. మందు పనిచేసేదాకా ఆగే వ్యవధి లేనప్పుడు అదే త్వరగా కాపాడుతుంది. ‘కరెంటు షాక్’ అన్న మాటకే ఇంటిల్లిపాది బెదిరిపోతారు. మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా ఇవ్వడాన్ని 2017 చట్టం నిషేధించిందని, మనిషి నిద్రలో ఉండగానే అయిపోతుందని, వారానికి రెండు మూడుసార్ల చొప్పున సాధారణంగా ఆరు నుంచి పన్నెండు ఉంటాయని, కొన్ని రోజుల జ్ఞాపకాలు మసకబారవచ్చని దాపరికం లేకుండా చెబితే చాలామంది ఒప్పుకుంటారు. మైనర్లకైతే సంరక్షకుల సమ్మతితోపాటు మానసిక ఆరోగ్య సమీక్షా మండలి అనుమతి కూడా కావాలి.

కసాపురం ఆంజనేయస్వామికో, పెనుకొండ దర్గాకో మొక్కుకున్నామని కుటుంబం చెబితే మొక్కు తీర్చుకోమనే నేను అంటాను. వెళ్లేటప్పుడు మందు కూడా వెంట తీసుకుపోవాలని, అక్కడ ఉన్నన్నాళ్లూ ఆపకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. దేవుడికీ మందుకూ మధ్య ఎంపిక పెట్టిన రోజు ఆ కుటుంబం మళ్లీ మన ఓపీకి రాదు.

ఎంపిక తేలాక ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపే కాగితంలో మందు పేరు ఒక్కటే రాసి వదిలేయకూడదు. ఇంతకుముందు ఏ మందు ఎంత మోతాదులో, ఎన్నాళ్లు వాడారో, ఎందుకు మార్చారో, చివరి సూది తేదీ, వైపు, తర్వాతి గడువు, చివరి లిథియం స్థాయి, తెల్ల రక్తకణాల లెక్క, వేయకూడని నొప్పి మాత్రలు, గర్భం లేదా పెళ్లి ఆలోచన, నామినేటెడ్ ప్రతినిధి ఎవరన్నది అందులో ఉండాలి. బెంగళూరు నిమ్హాన్స్‌కో, వేలూరుకో వెళ్లొచ్చిన కుటుంబమైతే అక్కడి చీటీని ఫోటో తీసుకుని మన రిజిస్టరులో ఎక్కించుకోవాలి. రెండు చోట్ల రాసిన ఒకే మందు రెండు బ్రాండ్ల పేర్లతో ఇంట్లో ఉందేమో తెలుసుకోవడానికి, వచ్చే నెల రమ్మన్నప్పుడు ఇంట్లో ఉన్న మందు పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని తెమ్మని చెప్పాలి.